ఎథర్నెట్ అంటే వైరు కాదు

మా నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో "రేయ్, ఆ ఎథర్నెట్ ఇటివ్వు" అని ఎవరైనా అడిగితే చేతికొచ్చేది రెండు చివర్లా ప్లాస్టిక్ ప్లగ్గులున్న ఒక కేబుల్. షాపులో అడిగినా అదే ఇస్తారు. కానీ ఆ కేబుల్‌ని కోసి చూస్తే లోపల ఉండేవి ఎనిమిది రాగి తీగలు, రెండేసి చొప్పున మెలిపెట్టిన నాలుగు జతలు. అంతే. ఎథర్నెట్ అనేది అందులో ఎంత వెతికినా దొరకదు.

నమ్మకం లేకపోతే ల్యాబ్ బీరువాలోనే సాక్ష్యం ఉంది. కొత్త రూటర్‌ని మొదటిసారి కాన్ఫిగర్ చేయడానికి వాడే లేత నీలం రంగు కన్సోల్ కేబుల్ చూసే ఉంటారు. దాని ఒక చివర అచ్చం అదే ప్లగ్గు, అందరూ ఆర్‌జే-45 అని పిలిచేది. దాన్ని తీసుకెళ్లి స్విచ్‌లో మామూలు పోర్టులో పెట్టండి. టిక్కుమని చక్కగా కూర్చుంటుంది. లైటు మాత్రం వెలగదు. కన్సోల్ కేబుల్ మీద నడిచేది సీరియల్ సంభాషణ, సాధారణంగా సెకనుకి 9600 బిట్లు, ఒకదాని వెనక ఒకటి. స్విచ్ పోర్టు ఎదురుచూసేది వేరే రకం సంకేతాల కోసం. రాగి అదే, ప్లాస్టిక్ అదే, ఒప్పందం వేరు.

ఆ ఒప్పందం పేరే ప్రోటోకాల్. నిజానికి ఈ మాట మనకి టెక్స్ట్‌బుక్ కన్నా ముందు తెలుగు పేపర్లలోనే తగిలింది. "శంకుస్థాపనలో ప్రోటోకాల్ రగడ" అని జిల్లా పేజీలో వార్త వస్తుంది చూడండి. శిలాఫలకం మీద ఎవరి పేరు పైన ఉండాలి, వేదిక మీద ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, కొబ్బరికాయ ముందు ఎవరు కొట్టాలి. అక్కడ రాయి, కుర్చీ, షామియానా హార్డ్‌వేర్ అనుకుంటే పేర్ల వరస ప్రోటోకాల్. నల్లరాయి తీసేసి పాలరాయి పెట్టినా వరస మారదు. వరస తప్పితే మాత్రం రాయి ఎంత ఖరీదైనదైనా గొడవ గొడవే. కంప్యూటర్ నెట్‌వర్క్‌లో జరిగేదీ దాదాపు ఇదే. కాకపోతే ఇక్కడ వరస తప్పితే ఎవరూ అలిగి వెళ్లిపోరు, ఫ్రేమ్‌ని నిశ్శబ్దంగా పారేస్తారు.

ఇంతకీ ఎథర్నెట్ ఒప్పందంలో ఏముంది? డేటాని ఫ్రేమ్ అనే మూటగా కట్టాలి. ముందు 6 బైట్లలో ఎవరికి వెళ్లాలో ఆ అడ్రస్, తర్వాత 6 బైట్లలో ఎవరు పంపారో ఆ అడ్రస్, 2 బైట్లలో లోపల ఏ రకం సరుకు ఉందో ఆ గుర్తు, తర్వాత సరుకు (మామూలుగా 1500 బైట్లకి మించకూడదు), చివర 4 బైట్ల తనిఖీ సంఖ్య. ఆ సంఖ్య ముందున్న బిట్లన్నిటినీ లెక్కగట్టి వచ్చినది. అందుకున్నవాడు మళ్లీ లెక్కగట్టి చూస్తాడు. తేడా వస్తే దారిలో ఏదో చెడిందని అర్థం.

సాహిత్య క్లబ్ పత్రిక కాబట్టి ఇక్కడ ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. ఉత్పలమాల అంటే పాదానికి 20 అక్షరాలు, భ ర న భ భ ర వ గణాలు, పదో అక్షరం యతి, రెండో అక్షరం ప్రాస. ఈ నియమం తాటాకులో లేదు, కాగితంలో లేదు, మన వాట్సాప్ గ్రూపులోనూ లేదు. రాసేవాడికీ చదివేవాడికీ మధ్య ఉంది. ఇంకా బావుండే విషయం ఏంటంటే, అది తనిఖీ సంఖ్యలా కూడా పనిచేస్తుంది. ప్రతి తీసే లేఖకుడు నిద్రమత్తులో ఒక అక్షరం వదిలేశాడనుకోండి, అక్కడ గణం విరుగుతుంది. తాళపత్రాల్ని పరిష్కరించే పండితుడికి సరిగ్గా ఆ పాదం దగ్గరే అనుమానం వస్తుంది. తప్పు జరిగిందని ఛందస్సు చెప్పగలదు గానీ, పోయిన అక్షరం ఏదో చెప్పలేదు. పండితుడు ఇంకో ప్రతి వెతుక్కోవాలి. ఎథర్నెట్ కూడా అంతే. చెడిన ఫ్రేమ్‌ని పడేస్తుంది, బాగుచేయదు. మళ్లీ పంపించుకోవడం పై అంతస్తులో ఉన్న టీసీపీ పని.

అసలు ఎథర్నెట్ అనే పేరు ఎలా వచ్చిందో తెలిస్తే, దాన్ని వైరుకి పెట్టడం ఎంత తమాషానో అర్థమవుతుంది. 19వ శతాబ్దపు ఫిజిక్స్‌లో వెలుతురు ప్రయాణించడానికి విశ్వమంతా ఈథర్ అనే పదార్థం నిండి ఉందని నమ్మేవాళ్లు. 1887లో మైకెల్సన్, మోర్లీ చేసిన ప్రయోగంలో దాని జాడే దొరకలేదు (ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్లకి గుర్తుండాలి). 1973 మే 22న అమెరికాలో జిరాక్స్ పార్క్ అనే పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ ఒక మెమో రాస్తూ ఆ పాత పేరునే బయటికి తీశాడు. హవాయి దీవుల్లో అలోహానెట్ అప్పటికే రేడియో మీద ప్యాకెట్లు పంపిస్తోంది. ఆ ఆలోచనని ఆఫీసు బిల్డింగులోకి తేవాలని అతని పట్టుదల. మోసేది కేబుల్ కావచ్చు, టెలిఫోన్ తీగ కావచ్చు, రేడియో కావచ్చు, ఏదైనా సరే దాన్ని ఈథర్ అనుకుందాం అన్నాడు. అంటే ఏ ఒక్క వైరుకీ కట్టుబడకూడదని పెట్టిన పేరది. ఇప్పుడు మనం అదే పేరుతో వైరు కొనుక్కుంటున్నాం.

మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ కలిసి కట్టిన మొదటి ఎథర్నెట్ వేగం సెకనుకి 2.94 మెగాబిట్లు. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ కలిసి విడుదల చేసిన వెర్షన్ 10 మెగాబిట్లది. అప్పట్లో నడిచింది మందపాటి కోయాక్సియల్ కేబుల్ మీద. బిల్డింగంతా ఒకే కేబుల్ పాములా పాకుతుంది. ప్రతి కంప్యూటరూ దానికి ఒక బిగింపు తగిలించి, సూదిలాంటి ముల్లు లోపలి రాగి దాకా దింపి కనెక్షన్ తీసుకుంటుంది. ఆ బిగింపుని వ్యాంపైర్ ట్యాప్ అనేవాళ్లు, పేరు దానికి సరిగ్గా సరిపోయింది. తర్వాత సన్నటి కోయాక్సియల్ వచ్చింది, 1990 నాటికి మెలితీగల కేబుల్ ప్రమాణం అయింది, తర్వాత ఫైబర్. రక్తం పీల్చే బిగింపులు మ్యూజియంలకి వెళ్లిపోయాయి. ఫ్రేమ్ మాత్రం దాదాపు అదే. 1980 నాటి ఫ్రేమ్ ఫార్మాట్‌ని ఇవాళ్టి వైర్‌షార్క్ ఏ ఇబ్బందీ లేకుండా చదువుతుంది.

ఇక్కడి దాకా చెప్పింది ఏ టెక్స్ట్‌బుక్‌లోనైనా ఉంటుంది, "లేయర్లు వేరువేరు, కింద ఏం మారినా పైన తెలియదు" అని. మనమంతా ఏడు లేయర్ల పేర్లూ బట్టీ కొట్టినవాళ్లమే. నా అభిప్రాయంలో పుస్తకాలు ఇక్కడ కాస్త ఎక్కువ శుభ్రంగా చెప్తాయి. హార్డ్‌వేర్ పోయినా దాని మచ్చ ఒప్పందంలో ఉండిపోతుంది.

ఒక్క మచ్చ చూపిస్తాను. ఎథర్నెట్ ఫ్రేమ్ 64 బైట్ల కన్నా చిన్నది ఉండకూడదు. ఎందుకు? పాత రోజుల్లో కేబుల్ అందరిదీ. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే సిగ్నల్స్ గుద్దుకుంటాయి. గుద్దుకున్న సంగతి పంపేవాడికి తెలియాలి, అదీ అతను ఇంకా పంపుతూ ఉండగానే తెలియాలి. పంపడం ముగించి తన దారిన తాను వెళ్లిపోతే, తన మూట చెడిందని అతనికి ఎవరు చెప్తారు? 10 మెగాబిట్ల నెట్‌వర్క్‌లో ఒక చివరి నుంచి ఇంకో చివరికి అనుమతించిన గరిష్ఠ దూరం 2500 మీటర్లు. సిగ్నల్ ఆ చివరికి వెళ్లి, అక్కడ గుద్దుకుని, ఆ కబురు వెనక్కి రావడానికి, మధ్యలో రిపీటర్ల ఆలస్యంతో సహా, 51.2 మైక్రోసెకన్లు కేటాయించారు. 10 మెగాబిట్ల వేగంతో 51.2 మైక్రోసెకన్లలో 512 బిట్లు వెళ్తాయి. 512 బిట్లంటే 64 బైట్లు. అంతకన్నా చిన్న ఫ్రేమ్ పంపితే గుద్దుకున్నా తెలియదు. అదీ కథ.

ఇప్పుడు మన ల్యాబ్‌కి రండి. ప్రతి కంప్యూటర్‌కీ స్విచ్ దాకా సొంత కేబుల్ ఉంది. వెళ్లేదానికి ఒక దారి, వచ్చేదానికి ఒక దారి. గుద్దుకునే ప్రసక్తే లేదు. అయినా వైర్‌షార్క్ తెరిచి, వేరే మెషీన్ నుంచి వచ్చిన ఒక ఏఆర్‌పీ ప్యాకెట్ మీద క్లిక్ చేయండి. ఏఆర్‌పీ చెప్పాల్సిన విషయం మొత్తం 28 బైట్లే. ఫ్రేమ్‌లో సరుకు కనీసం 46 ఉండాలి కాబట్టి మిగతా 18 బైట్లూ సున్నాలు, ప్యాడింగ్ అని కనిపిస్తాయి. మనలో ఎవరూ చూడని, ఎప్పుడో తీసి పారేసిన ఆ రెండున్నర కిలోమీటర్ల కేబుల్ కోసం మన ల్యాబ్‌లో ఇవాళ కూడా సున్నాలు మోస్తున్నారు. వైరు పోయింది, వైరు పొడవు మిగిలింది. మన అక్షరాలు గుండ్రంగా ఉండటానికి తాటాకూ గంటమే కారణం, అడ్డగీత గట్టిగా గీస్తే ఆకు చీలిపోతుంది అంటారు కదా. అది నిజమైతే ఈ పేజీని ఫోన్‌లో చదువుతున్న మీరు కూడా తాటాకు ప్యాడింగ్ చూస్తున్నట్టే.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. హార్డ్‌వేర్ కదలకుండా ఒప్పందం మొత్తం మారిపోయిన రోజు, 1983 జనవరి 1. ఇంటర్నెట్‌కి తాతలాంటి ఆర్పానెట్‌లో అప్పటిదాకా ఎన్‌సీపీ అనే ప్రోటోకాల్ ఉండేది. ఆ రోజు నుంచి అందరూ టీసీపీ/ఐపీ మాట్లాడాల్సిందే అన్నారు. అవే కంప్యూటర్లు, అవే అద్దె టెలిఫోన్ లైన్లు, ప్యాకెట్లు దారి మళ్లించే అవే పెట్టెలు. మాటలు మాత్రం మారాయి. మారనివాడికి లైను బ్రహ్మాండంగా ఉన్నా ఎవరితోనూ మాట్లాడే వీలు లేదు. 1982 మధ్యలోనే ఒకరోజు ఎన్‌సీపీని ఆపేసి చూపించారట, ఇంకా బద్ధకిస్తున్నవాళ్లకి హెచ్చరికగా. (అసైన్‌మెంట్ డెడ్‌లైన్ సైకాలజీ అన్ని దేశాల్లోనూ ఒకటే.) ఆ మార్పు దాటినవాళ్లు "టీసీపీ/ఐపీ మార్పిడిని తట్టుకుని బతికాను" అన్న అర్థం వచ్చే బ్యాడ్జీలు పెట్టుకుని తిరిగారు.

అంత కష్టం ఎందుకు పడ్డారు? ఎన్‌సీపీ కింది హార్డ్‌వేర్‌ని నమ్ముకుని ఉంది. ఆర్పానెట్ పెట్టెలు ప్యాకెట్‌ని పోగొట్టకుండా, వరస తప్పకుండా చేరుస్తాయని దాని ధీమా. రేడియో, శాటిలైట్ నెట్‌వర్కులు వచ్చాక ఆ ధీమా చెల్లలేదు. రేడియోలో ప్యాకెట్లు పోవడం మామూలు. అందుకని వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ కొత్త ఒప్పందాన్ని కింద ఏముందో అడగని విధంగా తయారుచేశారు. పోతే మళ్లీ పంపుతాం, వరస మారితే మేమే సర్దుకుంటాం, నువ్వు చేతనైనంత మొయ్యి చాలు, అన్నట్టు. 1977 నవంబర్ 22న దాన్ని గట్టిగా పరీక్షించారు. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర రోడ్డు మీద వెళ్తున్న ఒక వ్యాన్ నుంచి ప్యాకెట్లు రేడియోలో బయల్దేరి, ఆర్పానెట్ తీగల మీదుగా, శాటిలైట్ మీదుగా అట్లాంటిక్ దాటి లండన్ వెళ్లి, తిరిగి అమెరికా వచ్చి, దక్షిణ కాలిఫోర్నియాలోని ఒక కంప్యూటర్‌కి చేరాయి. మూడు నెట్‌వర్కులు, మూడు రకాల హార్డ్‌వేర్, ఒకే భాష. ఇవాళ మన ఫోన్ 4జీ నుంచి వైఫైకి, అక్కణ్ణించి సముద్రం కింద ఫైబర్‌కి మారుతున్నా వీడియో వస్తోందంటే ఆ వ్యాన్ వేసిన దారే.

"కింద ఏముందో అడగదు" అన్నదాన్ని అక్షరాలా తీసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 1990 ఏప్రిల్ 1న డేవిడ్ వెయిట్స్‌మన్ ఆర్‌ఎఫ్‌సీ 1149 అని ఒక ప్రమాణపత్రం రాశాడు, పావురాల మీద ఐపీ ప్యాకెట్లు పంపే పద్ధతి గురించి. తేదీ చూశారు కదా, జోకే. కానీ 2001 ఏప్రిల్ 28న నార్వేలోని బెర్గెన్ ఊళ్లో లినక్స్ అభిమానులు కొందరు నిజంగానే చేసి చూశారు. ప్యాకెట్‌ని కాగితం మీద ప్రింట్ చేసి, చుట్టి, పావురం కాలికి కట్టి ఎగరేశారు. అవతల స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు, జవాబుని మళ్లీ పావురానికే కట్టారు. మన ల్యాబ్‌లో కొట్టే పింగ్ లాంటిదే కొట్టారు. 9 ప్యాకెట్లు వెళ్లాయి, 4 జవాబులు వచ్చాయి. వచ్చినవాటిలో త్వరగా వచ్చింది దాదాపు 53 నిమిషాలకి, ఆలస్యంగా వచ్చింది గంటా 46 నిమిషాలకి. 55 శాతం ప్యాకెట్ లాస్. నవ్వొస్తుంది, కానీ గమనించాల్సింది ఏంటంటే ఐపీలో ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన అవసరం రాలేదు. హంసనీ మేఘాన్నీ రాయబారం పంపిన సాహిత్యం మనది, మనకి ఇది కొత్తగా అనిపించకూడదు.

మన దేశంలో దీనికి మంచి ఉదాహరణ జియో. 2016 సెప్టెంబర్‌లో అది వచ్చినప్పుడు మనమంతా చిన్నపిల్లలం. ఇంట్లో అన్నయ్యలో బాబాయిలో సిమ్ కోసం క్యూలో నిలబడటం గుర్తుండొచ్చు. అప్పుడు చాలామందికి ఒక వింత సమస్య వచ్చింది. 4జీ ఫోనే, నెట్ బ్రహ్మాండంగా వస్తోంది, కాల్ మాత్రం వెళ్లదు. అప్పట్లో మిగతా కంపెనీల నెట్‌వర్క్‌లో కాల్ వస్తే ఫోన్ సాధారణంగా 4జీ వదిలేసి 3జీకో 2జీకో దిగేది, పాత పద్ధతిలో మాట్లాడేది. జియోకి దిగడానికి కింద మెట్లే లేవు, ఉన్నది 4జీ ఒక్కటే. గొంతు కూడా ఐపీ ప్యాకెట్లుగానే వెళ్లాలి, ఆ ఒప్పందం పేరు వోల్టీ. ఫోన్‌లో 4జీ రేడియో ఉంది, మైకు ఉంది, స్పీకర్ ఉంది. వోల్టీ మాట్లాడటం రాదు, అంతే. మందు ఏంటి? ఒక యాప్. జియో యాప్ వేసుకుని అందులోంచి డయల్ చేస్తే అదే ఫోన్, అదే రేడియో, కాల్ వెళ్లింది. కొన్ని ఫోన్లకి తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తోనే వోల్టీ వచ్చింది. ఫోన్ పాతబడిందని కొత్తది కొన్నవాళ్లలో కొందరు కొన్నది హార్డ్‌వేర్, వాళ్లకి కావలసింది ఒప్పందం.

అలాగని ఒప్పందాలు ఊరికే మారిపోతాయని కాదు. ఐపీ పాత వెర్షన్‌లో అడ్రస్‌కి 32 బిట్లు, మొత్తం సుమారు 430 కోట్ల అడ్రస్‌లు. సరిపోవని తెలిసి 1998లోనే 128 బిట్ల ఐపీవీ6 రాశారు. కాగితం మీద అది మార్చడం తేలికే. కానీ వేగం కోసం పెద్ద రూటర్లలో అడ్రస్ చూసే పనిని నేరుగా చిప్‌లోనే చెక్కేస్తారు. చిప్‌లో చెక్కిన ఒప్పందం మారాలంటే పెట్టెనే మార్చాలి. అందుకే ఇన్నేళ్లయినా రెండూ పక్కపక్కన నడుస్తున్నాయి. పాత పెట్టెల భారం లేని కొత్త నెట్‌వర్క్ కాబట్టి జియో మొదట్లోనే ఐపీవీ6 పెట్టుకోగలిగింది.

ఇదంతా తెలిస్తే మనకేంటి లాభం అంటారా? వైవాలో మార్కుల సంగతి వదిలేయండి. మా హాస్టల్‌లో పరీక్ష ఫీజు ఆఖరి రోజు రాత్రి నా రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో నెట్ ఆగిపోయింది. సరిగ్గా ఆ రోజే అతని ఫోన్ డేటా కూడా అయిపోయింది. గడువు పన్నెండు గంటలు. వైఫై గుర్తు నిండుగా ఉంది. "కార్డు కాలిపోయింది రా, ఆరొందలు పెట్టి యూఎస్‌బీ అడాప్టర్ కొనాలి" అని బయల్దేరుతున్నాడు. ఆ టైంలో షాపు ఎక్కడ తెరిచి ఉంటుందో వాడికే తెలియాలి.

ముందు 127.0.0.1కి పింగ్ కొట్టాం. ఇది మీరూ చేసి చూడండి. కేబుల్ పీకేసి, వైఫై ఆపేసి కొట్టినా జవాబు వస్తుంది, ఎందుకంటే ఆ ప్యాకెట్ మెషీన్ దాటి బయటికే వెళ్లదు. కింద రేడియో లేదు, రాగి లేదు, పావురం కూడా లేదు, వట్టి ప్రోటోకాల్ తనతో తాను మాట్లాడుకుంటుంది. జవాబు వచ్చింది, అంటే ల్యాప్‌టాప్‌లో ఐపీ బాగానే ఉంది. వైఫై గుర్తు నిండుగా ఉందంటే రేడియో కూడా అవతలి పెట్టెతో మాట్లాడుతోంది, కార్డు కాలలేదు. తర్వాత ఐపీకాన్ఫిగ్ కొట్టి చూస్తే అడ్రస్ 169.254తో మొదలైంది. డీహెచ్‌సీపీని అడ్రస్ ఇవ్వమని అడిగి, ఎవరూ పలకకపోతే విండోస్ తనకి తానే పెట్టుకునే అడ్రస్ అది. పైన ప్రోటోకాల్ బాగుంది, కింద హార్డ్‌వేర్ బాగుంది, మధ్యలో అడ్రస్ ఇచ్చేవాడు లేడు.

ఫ్లోర్‌లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఎవరో తెచ్చిన టీవీ స్టిక్‌తో సహా లెక్కేస్తే రూటర్ దగ్గరున్న రెండొందల చిల్లర అడ్రస్‌లూ అయిపోయాయి. మా వార్డెన్ సార్‌ని లేపి "సార్, వైఫై పోయింది" అని చెప్పి ఉంటే "పొద్దున చూద్దాం" అనేవారు. "సార్, సిగ్నల్ ఉంది, అడ్రస్‌లు అయిపోయాయి, ఖాళీగా ఉన్న ఫోన్లు తీసేసి రూటర్ ఒకసారి ఆపి వేయాలి" అన్నాం. తాళం చేతికిచ్చారు. నలుగురి ఫోన్లలో వైఫై ఆఫ్ చేయించి, రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాం. 192.168తో అడ్రస్ వచ్చింది. ఫీజు కట్టిన మెసేజ్ 11:40కి వచ్చింది. టీవీ స్టిక్ ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.